గడియారం కూడా సాక్షే

రంజాన్ మాసంలో హైదరాబాద్‌లో అచ్చయిన కేలెండరును గోడకు తగిలించుకుని దాని ప్రకారం ఉపవాసం విరమించే ముస్లిం కుటుంబం విశాఖపట్నంలో కనిపించదు. హైదరాబాద్ సుమారు 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. విశాఖ 83.3 డిగ్రీల మీద ఉంది. భూమి ఒక్క డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కనుక మన ఓడరేవు నగరంలో సూర్యుడు దాదాపు 19 నిమిషాలు ముందుగా ఉదయించి, దాదాపు అంతే ముందుగా అస్తమిస్తాడు. ఇఫ్తార్‌కు 19 నిమిషాలు ఆలస్యమైతే ఆకలి కొంచెం పెరుగుతుంది, అంతే. సహరీ ముగిసే వేళకు హైదరాబాద్ లెక్కను నమ్మితే మాత్రం రోజాయే దక్కదు. అందుకే పాత నగరంలోని చిన్న మస్జిద్‌లో కూడా స్థానిక వేళల పట్టిక ఉంటుంది. ఫోన్‌లో ప్రత్యక్ష ప్రసారంగా వినిపించే అజాన్‌ను బట్టి మన తల్లులు ఖర్జూరం నోట పెట్టరు. వారు కిటికీ తెరిచి మన వీధి మస్జిద్ అజాన్ కోసమే చెవి యొగ్గుతారు.

నిమిషాన్ని ఇంత గౌరవించే సమాజం, తన హక్కుల విషయానికి వచ్చేసరికి అదే నిమిషాన్ని గాలికి వదిలేస్తున్నదని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాం.

మా అనుభవంతోనే మొదలుపెడతాం. వక్ఫ్ సవరణ చట్టం మీద 2025లో ఊరూరా సభలు జరిగిన రోజుల్లో మేము కూడా ఒక సభ ఏర్పాటు చేసుకున్నాం. మన కుర్రవాళ్లు ఫోన్‌ను స్టాండుకు బిగించి దానిని ప్రత్యక్ష ప్రసారం చేశారు. రెండు రోజులకే ఆ సభలోని ఒక వక్త మాటలను 40 సెకన్లకు కుదించి, ముందు వాక్యం తీసేసి, ఆయన హింసకు పిలుపునిచ్చాడన్నట్లుగా ఎవరో వాట్సాప్‌లో తిప్పారు. నిజానికి ఆయన ఇతరులు చేసిన ఆరోపణను చెప్పి, దానిని ఖండించారు. మా దగ్గర పూర్తి రికార్డింగు ఉంది కదా అన్న ధైర్యంతో ఫిర్యాదు రాశాం. ప్రసారం జరుగుతుండగా ఒక సోదరుడు నోట్ చేసుకున్న లెక్క ప్రకారం 1 గంట 12 నిమిషాల 40 సెకన్ల దగ్గర అసలు మాటలున్నాయని అందులో పేర్కొన్నాం. అధికారి మా ఎదుటే వీడియోను అక్కడికి జరిపి చూశారు. అక్కడ వేరొక వక్త మాట్లాడుతున్నారు. 'మీరు చెప్పిన చోట ఏమీ లేదు' అన్నారు. ఆ మాటకు మా దగ్గర వెంటనే సమాధానం లేకపోయింది.

తరువాత తెలిసింది. ప్రసారం ముగిశాక మనవాళ్లే మొదట్లోని మైకు పరీక్షను, ఖాళీ వేదికను కత్తిరించి వీడియోను 'శుభ్రం' చేశారు. దాంతో మొత్తం లెక్క 11 నిమిషాలు వెనక్కి జరిగింది. కత్తిరించని ప్రతిని దాచిపెట్టాలని ఎవరికీ తోచలేదు. మరొకరి కెమెరాలో తీసిన ప్రతి ఉంది గాని, ఆ కెమెరా గడియారం ఏ సంవత్సరంలోనో ఆగిపోయింది. చెప్పిన మాట నిజం, విన్నవాళ్లు వందలమంది. అయినా ఆ మాట ఎప్పుడు పలికారన్నది చూపించలేక మేమే అబద్ధీకులమన్నట్లు నిలబడ్డాం. తప్పు మాదే. అది ఇంకొకరికి జరగకూడదన్నదే మా తాపత్రయం.

ప్రత్యక్ష ప్రసారానికీ దాని రికార్డింగుకూ లెక్క ఎందుకు కుదరదో కొంచెం వివరంగా తెలుసుకోవాలి. కెమెరా ముందు జరిగినది అదే క్షణంలో మన ఫోన్‌లోకి రాదు. దృశ్యాన్ని చిన్న చిన్న ముక్కలుగా కట్టి సర్వర్‌కు పంపుతారు. విరివిగా వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో ఒక్కో ముక్క ఆరు సెకన్లు. ప్రసారం మధ్యలో తెగకుండా ఉండేందుకు చూసేవారి ఫోన్ మూడు ముక్కలను ముందుగా నింపుకుంటుంది. అంటే మనం 'ఇప్పుడు' అనుకునేది కనీసం 18 సెకన్ల కిందటి సంగతి. నెట్ బలహీనంగా ఉంటే అది అరనిమిషం దాటుతుంది. ఒకే సభను గాజువాకలో చూసే వారికీ, జగదాంబ సెంటర్‌లో చూసే వారికీ ఆ ఆలస్యం వేర్వేరుగా ఉంటుంది. మధ్యలో రెండు నిమిషాలు నెట్ పోతే గోడ మీది గడియారం నడుస్తూనే ఉంటుంది గాని, రికార్డింగులో ముందు ముక్క, వెనక ముక్క అతుక్కుపోయి ఆ రెండు నిమిషాలు మాయమవుతాయి. అక్కడి నుంచి చివరి వరకు ప్రతి లెక్కా తప్పుతుంది. ఆపైన ఎవరైనా మొదలు కత్తిరిస్తే మాకు జరిగినదే జరుగుతుంది. వీడియో కింద కనిపించే అంకె, ఆ ఫైలు ఎక్కడ మొదలైందో అక్కడి నుంచి లెక్కించిన దూరం మాత్రమే. అది కాలం కాదు.

సీసీ కెమెరాల సంగతి మరొక రకం. వాటిలో తేదీ, సమయం దృశ్యం మీదే ముద్రపడి ఉంటాయి కనుక అదే సత్యమని అందరూ నమ్ముతారు. ఆ యంత్రం లోపలి గడియారం మామూలు స్ఫటికంతో నడుస్తుంది. పది లక్షల్లో 20 పాళ్ల తేడా ఉన్న స్ఫటికం రోజుకు 1.7 సెకన్లు తప్పుతుంది. ఎవరూ సరిచేయకపోతే ఏడాదికి పది నిమిషాలు దాటుతుంది. కరెంటు పోయి, లోపలి బ్యాటరీ అయిపోయి ఉంటే గడియారం కర్మాగారంలో పెట్టిన తేదీకే తిరిగి పోతుంది. కంట్రోల్ రూమ్ తెరమీద కనిపించే ప్రత్యక్ష దృశ్యానికి ఒక గడియారం, రికార్డు చేసే పెట్టెకు మరొక గడియారం ఉన్నచోట రెండూ ఏకీభవించకపోవడం కొత్త విషయమేమీ కాదు.

ఇందులో మైనారిటీ హక్కుల ప్రసక్తి ఏముందని ఎవరైనా అడగవచ్చు. ప్రసక్తి అంతా ఇందులోనే ఉంది. రాజ్యాంగం 22వ అధికరణం రెండో క్లాజు ప్రకారం అరెస్టయిన వ్యక్తిని, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఆ 24 గంటలు ఎప్పుడు మొదలయ్యాయి? ఉగ్రవాద కేసుల్లో మన బిడ్డలను తీసుకుపోయిన ప్రతిసారీ తగాదా ఈ ప్రశ్న దగ్గరే వచ్చింది. తల్లిదండ్రులు ఒక తేదీ చెబుతారు, కాగితాలు మరొక తేదీ చెబుతాయి. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మస్జిద్‌లో బాంబు పేలిన తరువాత పదుల సంఖ్యలో ముస్లిం యువకులను నిర్బంధించారు. చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలు వచ్చాయి. న్యాయస్థానాలు వారిని నిర్దోషులుగా వదిలిపెట్టాయి. ఆనాడు పోలీసు స్టేషన్ గుమ్మంలో సరైన గడియారంతో ఒక కెమెరా ఉండి, దాని రికార్డు భద్రంగా ఉండి ఉంటే, ఎవరి మాట నిజమో తేల్చడానికి అన్నేళ్లు పట్టేది కాదు.

పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు దేశంలోని ప్రతి పోలీసు స్టేషన్‌లో, లాకప్‌లలో, రాకపోకల ద్వారాల వద్ద ధ్వనితో సహా రికార్డు చేసే కెమెరాలు పెట్టాలని ఆదేశించింది. రికార్డును 18 నెలలు, అది సాధ్యం కాకపోతే వీలైనంత ఎక్కువ కాలం, ఏ పరిస్థితిలోనూ ఏడాదికి తగ్గకుండా భద్రపరచాలంది. కెమెరాలు పనిచేయడం లేదన్న వార్తల మీద 2025 సెప్టెంబరులో అదే న్యాయస్థానం తనంతట తానుగా విచారణ చేపట్టవలసి వచ్చింది. కెమెరా ఉండటం మొదటి మెట్టు. అది పనిచేయడం రెండో మెట్టు. దాని గడియారం నిజం చెప్పడం మూడో మెట్టు. మన సంఘాలు మొదటి రెండు మెట్ల గురించి అడుగుతున్నాయి. మూడో మెట్టు గురించి అడగడం లేదు.

ఎన్నికల విషయం తీసుకోండి. 2024 మే 13న పల్నాడు జిల్లా మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు పోలింగు కేంద్రంలో జరిగిన విధ్వంసం, ఎన్నికల సంఘం వెబ్‌కాస్టింగ్ కోసం పెట్టిన కెమెరాలో నమోదైంది. ఆ దృశ్యం ప్రజలకు తెలిసింది వారం దాటాకే. అంటే ప్రత్యక్షంగా ప్రసారమైనది వేరు, ప్రజల చేతికి అందినది వేరు. 2024 డిసెంబరు 20న కేంద్రం ఎన్నికల నిర్వహణ నియమావళి 93వ నిబంధనను సవరించి, ఇటువంటి ఎలక్ట్రానిక్ రికార్డులను సాధారణ పౌరుడు పరిశీలించే దారిని మూసింది. 2025 మే 30 నాటి ఆదేశంతో ఎన్నికల సంఘం, ఎన్నికల పిటిషను పడకపోతే ఆ దృశ్యాలను 45 రోజుల తరువాత తీసివేయవచ్చునంది. ఓటర్ల జాబితాలో పేరు లేదని తిప్పిపంపబడిన వృద్ధురాలు, బురఖా కారణంగా నిలదీయబడిన యువతి తమకు జరిగినది నిరూపించాలంటే, 'ఎప్పుడో మధ్యాహ్నం' అన్న జ్ఞాపకం చాలదు. ఏ బూత్, ఏ నిమిషం అన్నది ఆ రోజే కాగితం మీద ఉండాలి. 45 రోజులు చూస్తుండగానే గడిచిపోతాయి.

మన విశాఖ ప్రజలకు నిమిషం విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఇళ్లలోకి చొరబడి 12 మంది ప్రాణాలు తీసింది. నిద్రలోనుంచి లేచి పరుగెత్తి వీధుల్లో కూలిపోయిన వారిలో కులం, మతం చూసేందుకు ఏముంది? సైరన్ మోగించలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. అటువంటి దుర్ఘటనలో వాయువు ఎప్పుడు లీకైంది, కాపలావారికి ఎప్పుడు తెలిసింది, ప్రజలకు ఎప్పుడు చెప్పారు అన్న మూడు సమయాల మధ్య తేడాయే బాధ్యతను నిర్ణయిస్తుంది. ఆ మూడూ మూడు వేర్వేరు గడియారాల నుంచి వస్తే నేరం సందుల్లోనుంచి జారిపోతుంది. పోర్టులో లారీ గేటు దాటిన సమయం, ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు షిఫ్టులోకి వచ్చిన సమయం కూడా ఇంతే. ప్రమాదం జరిగినప్పుడు అతడు పనిమీద ఉన్నాడా, షిఫ్టు ముగించాడా అన్న ఒక్క నిమిషం తేడా మీద ఒక విధవరాలి పరిహారం ఆధారపడుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణను గౌరవంగా ఎదుర్కోవాలి. 'కెమెరాలు మన మీద నిఘా కోసమే పెడుతున్నారు. వాటి గడియారం సరిచేయమని మనమే అడగడం ఏమిటి?' అని కొందరు మిత్రులు అంటారు. ఆ భయం అకారణం కాదు. ముఖాలను గుర్తించే సాంకేతికత వాడకాన్ని సవాలు చేస్తూ హైదరాబాద్‌కు చెందిన ఒక ముస్లిం సామాజిక కార్యకర్త వేసిన వ్యాజ్యంలో 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఆ పోరాటానికి మా పూర్తి మద్దతు ఉంది. విశాఖ 2016 జనవరిలో స్మార్ట్ సిటీల మొదటి జాబితాలో చేరింది. మన వీధి మలుపుల్లో కెమెరాలు పెరిగాయి. అవి అక్కర్లేదని వాదించడం మన హక్కు. కాని అవి ఉన్నంతకాలం తప్పు గడియారం వల్ల నష్టపోయేది బలవంతుడు కాదు. పది నిమిషాలు తప్పిన కెమెరా, మగ్రిబ్ నమాజులో ఉన్న యువకుడిని గొడవ జరిగిన చోట నిలబెట్టగలదు. నిఘాను తగ్గించమని అడగడం, ఉన్న నిఘా అబద్ధమాడకూడదని అడగడం రెండూ ఒకే న్యాయంలోనివి.

ఇది మన సంప్రదాయానికి కొత్త కాదు. సమాచారం వచ్చినప్పుడు నిజానిజాలు విచారించమని సూరా హుజురాత్ ఆరవ వాక్యం ఆదేశిస్తుంది. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు గడువుతో సహా రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని సూరా బఖరా 282వ వాక్యం చెబుతుంది. హదీసు పండితులు ఒక మాటను స్వీకరించే ముందు దానిని ఎవరు ఎవరి నుంచి విన్నారో ఇస్నాద్‌ను పరిశీలించారు. ఇద్దరు ఉల్లేఖకులు అసలు ఒకే కాలంలో జీవించారా, కలుసుకునే అవకాశం ఉందా అని కూడా అడిగారు. గొలుసులో ఒక్క కొక్కెం తెగితే ఆ ఉల్లేఖనం బలహీనమని నిర్మొహమాటంగా చెప్పారు. నేటి న్యాయస్థానం వీడియో గురించి అడిగేది కూడా దాదాపు అదే. ఎవరు తీశారు, ఎవరి చేతిలో ఉంది, మధ్యలో ఎవరైనా ముట్టుకున్నారా, కాలం సరిపోయిందా? పూర్వం పెద్ద మస్జిద్‌లలో కాలాన్ని లెక్కగట్టేందుకు ముఖ్తసర్‌గా ఒక పండితుడు ఉండేవాడు. ఆయనను మువఖ్ఖిత్ అనేవారు. 14వ శతాబ్దపు ఖగోళ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ షాతిర్ డమాస్కస్ ఉమయ్యద్ మస్జిద్‌లో ఆ పదవిలో ఉండి, 1371లో అక్కడ గొప్ప నీడ గడియారాన్ని నిర్మించాడు. మన నగరానికీ ఆ వారసత్వం ఉంది. గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో స్వంత ఖర్చుతో ఖగోళ వేధశాల నెలకొల్పాడు. కాలాన్ని సరిగ్గా కొలవడం మస్జిద్‌కూ, ఓడరేవుకూ సమానమైన అవసరమే.

ఇక చేయవలసిన పనులు. ముందుగా మన చేతిలో ఉన్నవి. సభను గాని, నిరసనను గాని ప్రసారం చేసేటప్పుడు మొదట, చివర కెమెరా ముందు ఒకరు నిలబడి తేదీ, సమయం, స్థలం బిగ్గరగా చెప్పాలి. నెట్‌తో సరిచేసుకునే ఫోన్ గడియారాన్ని కెమెరాకు చూపించాలి. సినిమా షూటింగులో క్లాప్ కొట్టేది ఎందుకో ఇదీ అందుకే. నోట్ రాసే వ్యక్తి వీడియో కింది అంకెను కాక, గోడ గడియారం సమయాన్ని రాయాలి. ప్రసారంతో పాటు అదే దృశ్యాన్ని మరొక ఫోన్‌లో విడిగా రికార్డు చేయాలి. అసలు ఫైలును ఎన్నడూ కత్తిరించకూడదు. కత్తిరించాలంటే నకలును కత్తిరించాలి. ప్రసారాన్ని అదే రాత్రి దించుకోవాలి. ఫేస్‌బుక్ 2025 ఫిబ్రవరి నుంచి ప్రత్యక్ష ప్రసారాలను 30 రోజులే ఉంచుతోంది. 12 గంటలు దాటిన ప్రసారం యూట్యూబ్‌లో దానంతటది భద్రం కాకపోవచ్చు. ఇతరుల గోదాములో మన ధాన్యం ఎన్నాళ్లుంటుందన్న భరోసా లేదు.

రెండు రికార్డింగుల లెక్కలు కుదరనప్పుడు సరిచేసే దారి కూడా కష్టం కాదు. రెండింటిలోనూ స్పష్టంగా కనిపించే ఒక క్షణాన్ని పట్టుకోవాలి. వక్త గ్లాసు కింద పెట్టిన చప్పుడు కావచ్చు, అజాన్ తొలి పలుకు కావచ్చు. అది ఒకదానిలో 14 నిమిషాల 5 సెకన్ల దగ్గర, మరొకదానిలో 3 నిమిషాల 5 సెకన్ల దగ్గర ఉంటే తేడా 11 నిమిషాలు. చివర్లో ఇంకొక క్షణాన్ని తీసుకుని చూడాలి. అక్కడ కూడా 11 నిమిషాలే ఉంటే మొదలు మాత్రమే జరిగిందని అర్థం. తేడా మారితే మధ్యలో కోత పడిందని, లేదా ఒక గడియారం నెమ్మదిగా నడిచిందని అర్థం. ఈ పనిని ఇద్దరు విడివిడిగా చేసి, ఒకే కాగితం మీద సంతకం చేయాలి. ఆనాడు మాకు ఇది తెలిసి ఉంటే అధికారి ముందు తలదించుకుని ఉండేవాళ్లం కాదు.

చట్టం కూడా మన నుంచి కొంత సిద్ధత కోరుతోంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం సమర్పించేవారు, మరొక భాగం నిపుణుడు నింపాలి. ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర అనుకోండి. లోపల ఒక్క అక్షరమంత మార్పు జరిగినా ఆ ముద్ర మారిపోతుంది. సంఘటన జరిగిన రాత్రే హ్యాష్ తీసి ఇద్దరు ముగ్గురికి పంపి ఉంచితే, తరువాత 'మీరే మార్చారు' అన్న నిందకు చోటుండదు. ప్రతి మస్జిద్ కమిటీలో కంప్యూటరు తెలిసిన ఒక యువకుడికి, ఒక యువతికి ఈ బాధ్యత అప్పగించాలని ముతవల్లీలను, పెద్దలను కోరుతున్నాం. వారే నేటి మన మువఖ్ఖిత్‌లు.

ప్రభుత్వాన్ని అడగవలసినవి కూడా ఉన్నాయి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్ ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలతో సహా అందరూ తమ కంప్యూటరు వ్యవస్థల గడియారాలను జాతీయ సమాచార కేంద్రం లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల ఇచ్చే కాలంతో సరిపోల్చుకోవాలి. భారత ప్రామాణిక కాలానికి కాపలాదారు ఆ ప్రయోగశాలే. ఈ నియమాన్ని పోలీసు స్టేషన్, వీధి, పోలింగు కేంద్రం కెమెరాలన్నింటికీ నిజంగా అమలు చేయాలి. ప్రతి నెలా గడియారం తేడాను పరిశీలించి రిజిస్టరులో రాసి, ఆ రిజిస్టరును కోరినవారికి చూపించాలి. దృశ్యాన్ని ఇచ్చేటప్పుడు ఆ రోజున గడియారం ఎంత తప్పిందో దానితోపాటే రాసివ్వాలి. ప్రత్యక్షంగా ప్రసారమయ్యే ప్రతి ప్రభుత్వ విచారణ, ప్రజాభిప్రాయ సేకరణ రికార్డింగులో అసలు సమయం ముద్ర ఉండాలి, కోతలు ఉంటే ఎక్కడెక్కడో చెప్పాలి. వీటిలో ఏ ఒక్కటీ ముస్లింల కోసం ప్రత్యేకంగా అడిగే రాయితీ కాదు. మత్స్యకారుడికి, దళితుడికి, ఉక్కు కార్మికుడికి కూడా ఇవే కావాలి.

రానున్న రంజాన్‌కు వేళల పట్టిక అచ్చువేయడానికి మన కమిటీలు కూర్చుంటాయి. ఎప్పటిలాగే ఒక్కో నిమిషాన్నీ సరిచూస్తాయి. ఆ రోజే కార్యాలయంలోని కెమెరా పెట్టెను, ప్రసారానికి వాడే ఫోన్‌ను కూడా తెరిచి వాటి గడియారం ఎంత చూపిస్తున్నదో చూడమని మనవి చేస్తున్నాం. తేడా ఉంటే సరిచేసి, ఎంత తేడా ఉన్నదో ఒక పుస్తకంలో రాసిపెట్టండి. సాక్ష్యం అమానత్. అమానత్‌ను దాని హక్కుదారుకు అప్పగించాలంటే ముందు అది మన దగ్గర చెక్కుచెదరకుండా ఉండాలి.